కొలువు, కరువు, నవల

రాయలసీమలో పేరెన్నికగన్న నవలాకారుల జీవితాలను వరసగా పరిశీలిస్తే, వారిలో అత్యధికులు నెలజీతం మీదనో సేద్యం మీదనో సంసారాన్ని నడుపుకుంటూ, మిగిలిన వేళల్లో నవలలు రాసినవారేనని తేలుతుంది. బడిపంతులు, రెవెన్యూ గుమాస్తా, కళాశాల అధ్యాపకుడు, మెట్టరైతు, వీరే ఇక్కడి నవలకు కర్తలు. నవలను పూర్తికాలపు వృత్తిగా చేసుకునే వీలు లేకపోవడాన్ని సాహిత్యానికి జరిగిన నష్టంగా లెక్కకట్టడం వాడుక. అయితే ఆ నవలలను దగ్గరగా చదివినప్పుడు, రచయిత చేసిన కొలువే ఆయనకు ఊరిని, మనుషులను, వారి తగాదాలను చేతికందించిందని, సీమ నవలకు ఆ కొలువే అసలు పెట్టుబడి అయిందని అర్థమవుతుంది.

ఈ బంధం తెలుగు నవల పుట్టిన నాటినుంచీ ఉన్నది. 1872లో ‘శ్రీ రంగరాజ చరిత్రము’ ప్రకటించిన నరహరి గోపాలకృష్ణమ సెట్టి కర్నూలు జిల్లాలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన అధికారి. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ కన్నా ముందే వచ్చిన ఈ కథను తొలి తెలుగు నవలగా పలువురు పరిశోధకులు లెక్కిస్తారు, కొందరు ఆ గౌరవాన్ని వీరేశలింగానికే ఇస్తారు. గోపాలకృష్ణమ సెట్టే 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్‌ను ఆంగ్లంలో రాశారు. జిల్లా మాన్యువల్ అంటే నేలలు, వానలు, పంటలు, కులాలు, పన్నులు, పూర్వచరిత్ర వంటి వివరాలను పాలనావసరాల కోసం ఒకచోట చేర్చిన గ్రంథం. జనుల ఆచార వ్యవహారాలను కథగా చెప్పిన చేయి, శిస్తు లెక్కలను కూర్చిన చేయి ఒక్కటే కావడం యాదృచ్ఛికం అనిపించదు, ఎందుకంటే రెండింటికీ ఊరూరా తిరిగి చూసే అలవాటే మూలం. ఈ వ్యాసంలో ముందు ఉదాహరణగా రాబోయే బనగానపల్లె ఆ రోజుల్లో కర్నూలు జిల్లా నడుమ నవాబుల ఏలుబడిలో ఉన్న చిన్న సంస్థానం. అది 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో భాగమైంది, 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి చేరింది.

అడంగలు వరసలో దాగిన కథ

రెవెన్యూ కార్యాలయంలో పనిచేసే రచయితకు దొరికే ముడిసరుకు ఎలాంటిదో తెలియాలంటే అడంగలు అనే గ్రామ లెక్కను ఒకసారి చూడాలి. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం ఉంది, అందులో ఏ పంట వేశారు, నీటి ఆధారమేమిటి అన్న సంగతులతోపాటు, పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు మరో గడిలో అందులో నమోదవుతాయి. పట్టాదారు అంటే భూమి ఎవరి పేర ఉన్నదో ఆ మనిషి, అనుభవదారు అంటే దానిని వాస్తవంగా సాగుచేసుకుంటున్న మనిషి. రెండు గడుల్లోనూ ఒకే పేరు ఉంటే గుమాస్తాకు పని సులువు. పేర్లు వేరైనప్పుడు మాత్రం, ఆ రెండింటి నడుమ అప్పుకు రాసిచ్చిన చేను, వలసపోయిన అన్న, తెగని భాగపరిష్కారం, పట్టా చేతికొచ్చినా చేలోకి అడుగుపెట్టలేని దళిత కుటుంబం, వీటిలో ఏదో ఒకటి తరచూ ఉంటుంది. కార్యాలయానికి ఆ వరస చాలు, నవలాకారుడికి అక్కడినుంచే పని మొదలవుతుంది. అనంతపురంలో రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసిన చిలుకూరి దేవపుత్ర దళిత జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకొని ‘పంచమం’ నవల రాయడాన్ని ఈ నేపథ్యంలో చూసినప్పుడు, ఆయనకు కొలువూ కలమూ రెండు వేరువేరు లోకాలు కావని తోస్తుంది.

ఉపాధ్యాయ వృత్తి ఇచ్చేది మరో రకమైన చూపు. సర్కారు బడిపంతులు బదిలీ అయిన ప్రతిసారీ కొత్త ఊరిలో కాపురం పెడతాడు, లేదా పక్క పట్టణం నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాడు. జనగణన వచ్చినా, ఓటర్ల జాబితా సవరించాలన్నా, ఎన్నికలు జరిగినా ఆ పని తరచూ ఆయన మీదనే పడుతుంది కాబట్టి, ఊళ్ళోని ప్రతి గడపనూ తొక్కి, ఇంట్లో ఎందరున్నారు, ఎవరు బెంగుళూరుకు పోయారు, ఎవరు తిరిగిరాలేదు అని అడిగే అధికారం ఆయనకు దక్కుతుంది. విద్యార్థి వారం రోజులుగా బడికి రాకపోతే కారణం ఇంటికి వెళ్ళి కనుక్కోవలసినవాడూ ఆయనే. కరువు ఆ ఊరికి వచ్చిన సంగతి హాజరుపట్టీలో ముందుగా కనిపిస్తుంది.

సమకాలీన సీమ నవలలో ప్రముఖులైన ఇద్దరు ఈ వృత్తి నుంచే వచ్చారు. అనంతపురానికి చెందిన బండి నారాయణస్వామి ‘గద్దలాడతండాయి’, ‘మీ రాజ్యం మీరేలండి’, ‘రెండు కలల దేశం’ వంటి నవలల తరువాత, 18వ శతాబ్దపు అనంతపురం ప్రాంతాన్ని చిత్రిస్తూ రాసిన ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. కడప జిల్లా కలసపాడు మండలంలోని బాలరాజుపల్లెకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కాడి’, ‘తోలుబొమ్మలాట’, ‘ఒంటరి’ మొదలైన నవలల్లో మెట్టసేద్యపు కష్టసుఖాలను నమోదుచేశారు. 2019లో అమెరికాలోని తెలుగు సంఘమైన తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి పొందిన ఆయన ‘కొండపొలం’ 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. కొండపొలం అంటే కరువు ముదిరి ఊళ్ళో మేతా నీళ్ళూ కరువైనప్పుడు గొర్రెల కాపరులు మందలను తోలుకొని నల్లమల అడవిలోకి వెళ్ళి, వానలు పడేదాకా అక్కడే గడపడం. గొర్రె రోగమేదో, పులి జాడ ఏదో, ఏ వాగులో ఏ నెల వరకు నీరుంటుందో తెలియకుండా అలాంటి నవల కుదరదు. ఆ తెలివిడి గ్రంథాలయంలో కన్నా కాపరుల సావాసంలోనే ఎక్కువగా దొరుకుతుంది.

పరిశోధకుడు నవలాకారుడైన సందర్భమూ ఈ నేలమీద ఉన్నది. కడప జిల్లా రంగశాయిపురంలో 1939లో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి ఆ జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేశారు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు, ‘వేర్లు’, ‘బోధి’ అనే నవలలు రాశారు. ఒక ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని వెదికే పరిశోధకుడు చెరువును, కోటను, పాలెగాడిని, వలసను దాటుకుంటూ పోక తప్పదు గనుక, ఆ శ్రమ ఏదో ఒక రూపంలో కథకుడికి అక్కరకొస్తుంది.

బనగానపల్లె చుట్టూ ఉన్న సరుకు

ఒక చిన్న పట్టణంలో కూర్చొని నవల రాసేవారికి ఎంత విషయం అందుబాటులో ఉంటుందో చెప్పడానికి బనగానపల్లె మంచి ఉదాహరణ. పట్టణానికి దగ్గరగా పారే జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో బద్దలైన టోబా అగ్నిపర్వతపు బూడిద పొరగా పేరుకొని ఉన్నది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. పోతులూరి వీరబ్రహ్మం గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహల్లో కాలజ్ఞానం రాశాడన్న ఐతిహ్యం ఈ ఊరిదే. నవాబుల కాలపు కట్టడాలు, దేశమంతటా ఊరి పేరుతోనే చెల్లుబాటయ్యే మామిడి, నల్లరేగడి చేలలో పప్పుశనగ, శ్రీశైలం కుడి కాలువ, ఇవి ఒకవైపు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, అవుకుల దాకా పరుచుకున్న నాపరాతి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, వాటిలో దుమ్ముకూ నీళ్ళకూ నడుమ రోజుకూలి చేసే జనం మరోవైపు.

అయితే సరుకు ఉన్నంతమాత్రాన నవల కాదు. నాపరాయిని పొరల వెంబడి ఎలా విడదీస్తారు, చదరపు అడుగుకు కూలి ఎలా కడతారు, మిషన్ దగ్గర ఆడమనిషి పని ఏది, మగమనిషి పని ఏది అన్నది కనుక్కున్న తరువాతే ఒక పాత్రను అక్కడ నిలబెట్టగలుగుతారు. చారిత్రక నవల రాసేవారు ఇంకొంత దూరం పోవాలి. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రలను కైఫీయత్తులు అంటారు. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఇనాములు ఎవరికి ఇచ్చారు అన్న వివరాలతో నిండిన ఈ పత్రాల్లో కడప ప్రాంతానివాటిని కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పుస్తకాలుగా తెచ్చింది. వాటిలోని ఒక్క పేరా కోసం రచయితలు రోజంతా బస్సుల్లో గడపవలసి రావడం ఈ పనిలో మామూలే.

రాత నుంచి పుస్తకం దాకా

కొలువు చేసే నవలాకారుడికి రాతకు దొరికేవి తెల్లవారుజాము, ఆదివారం, ఎండాకాలపు సెలవులు. కథను ఒకటి రెండు సార్లు కూర్చొని ముగించవచ్చు గాని, నవలకు వందల పేజీల పొడవునా పాత్రల వయసు, పంటల కాలం, చుట్టరికాలు, పండుగలు తప్పకుండా చూసుకోవాలి. అందుకే చాలామంది వంశవృక్షాన్ని, ఊరి పటాన్ని, కార్తెల వారీగా జరిగే సేద్యపు పనుల పట్టికను వేరే నోటుబుక్కులో రాసిపెట్టుకుంటారు. పడమటి మెట్టలో శనక్కాయ ఎప్పుడు విత్తుతారో రేగడిలో పప్పుశనగ ఎప్పుడు విత్తుతారో తారుమారైతే, మొదట పట్టుకునేది విమర్శకుడు కాదు, రైతు. ఇంటి చాకిరీ కూడా మీద ఉన్న ఉద్యోగినికి ఈ తెల్లవారుజాములు సైతం మిగలవు. సీమ నవలాకారుల జాబితాలో మగవారి పేర్లే ఎక్కువగా ఉండడానికి అదొక ముఖ్య కారణం.

రాతప్రతి పూర్తయ్యాక డీటీపీ, అంటే కంప్యూటరులో అక్షరాలు కూర్చి పేజీలు కట్టే పని ఉంటుంది. ఆ తరువాత వచ్చే ప్రూఫుల దశలో సీమ రచయితకు అదనపు శ్రమ తప్పదు. యాస తెలియని చేయి సంభాషణల్లోని మాటలను తప్పులనుకొని శిష్టరూపాల్లోకి దిద్దేస్తే, వాటిని మళ్ళీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవాలి. ముద్రణ లెక్క ఫారాల్లో నడుస్తుంది. ఒక ఫారం అంటే పెద్ద కాగితానికి రెండు వైపులా కలిపి అచ్చయ్యే 16 పేజీలు కాబట్టి, 304 పేజీల నవలకు 19 ఫారాలు. సాధారణంగా 500 నుంచి 1,000 ప్రతులు వేయిస్తారు. ప్రచురణకర్త దొరకని చోట ఆ ఖర్చు రచయిత జీతంలోంచే పోతుంది. అచ్చయిన పుస్తకాల కట్టలు ఇంట్లో ఒక గదిని ఆక్రమిస్తాయి. అమ్మిపెట్టే దుకాణానికి ధరలో మూడో వంతు, ఒక్కోసారి అంతకుమించి, కమిషనుగా వదులుకోవాలి.

వారపత్రికలు ఊపుమీదున్న 1970లు, 80లలో పరిస్థితి కొంత వేరు. సీరియల్ అంటే నవలను వారం వారం భాగాలుగా ప్రచురించడం. దానికి పారితోషికం, తరువాత పుస్తకం, అదృష్టం కలిసొస్తే సినిమా హక్కులు కూడా తోడై, యండమూరి వీరేంద్రనాథ్ వంటి కొందరు ఉద్యోగం మానుకొని రాతనే వృత్తిగా చేసుకోగలిగారు. టీవీ వచ్చి వారపత్రికల పాఠకులు తగ్గాక ఆ దారి సన్నబడింది. నెలకొక నవల చొప్పున 1978 నుంచి వెలువడిన ‘చతుర’ వంటి మాసపత్రికలు, అమెరికాలోని తెలుగు సంఘాలు పెట్టే నవలల పోటీలు ఆ లోటును కొంత తీర్చాయి. బహుమతి సొమ్ముకు మించి, పోటీ గడువు అనేది రచయితను కూర్చోబెట్టి రాయించడానికి పనికొచ్చింది.

ఇక మిగిలింది గ్రంథాలయం. స్థానిక సంస్థలు వసూలుచేసే ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా ప్రజలు కడుతున్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొనవలసింది ఈ సొమ్ముతోనే. పుస్తకాల కొనుగోలు ఏటా క్రమం తప్పకుండా సాగి, రాష్ట్రంలోని శాఖా గ్రంథాలయాలు తలా ఒక్క ప్రతి తీసుకున్నా, వెయ్యి ప్రతుల నవలలో చాలా భాగం చెల్లిపోతుంది, రచయిత ముద్రణకు పెట్టిన జీతం తిరిగి చేతికొస్తుంది. సీమ రచయితకు కొలువు విషయాన్నిచ్చింది, కరువు వస్తువునిచ్చింది. పుస్తకం అచ్చువేయించే బరువు కూడా ఆ జీతం మీదే ఇంతకాలం పడుతూ వచ్చింది. ఊరి జనం కట్టిన పన్నుతో ఆ ఊరి జీవితాన్ని చెప్పే నవలను ఆ ఊరి గ్రంథాలయమే కొనడం కన్నా, ఈ బరువును పంచుకునే న్యాయమైన పద్ధతి మరొకటి లేదు.