ముల్లు చూసి పేరు, నేల చూసి మొక్క

అరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల చాండ్లర్, గిల్బర్ట్ లాంటి ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పెరట్లో మునగ, కరివేపాకు, గోంగూర ఎలాగోలా బతికించుకుంటారు. ముందు వాకిలి దగ్గరికి వచ్చేసరికే చిక్కు. కరువుకు పేరుపడ్డ అనంతపురంలో సైతం ఏడాదికి 500 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. ఫీనిక్స్‌లో సగటున 200 కూడా పడదు. అక్కడ పచ్చిక పెంచడమంటే నీళ్లు పారబోసుకోవడమే. అందుకని నర్సరీకి వెళ్లి, చూడ్డానికి బాగున్న కాక్టస్ ఒకటి తెచ్చి నాటేస్తారు. అది ఏ నేల మొక్కో, ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎప్పుడు నీళ్లు అడుగుతుందో తెలియదు. కాక్టస్ విషయంలో వరస తప్పకూడదు. ముందు గుర్తుపట్టాలి, తర్వాతే పెంచాలి.

రెండు వానల ఎడారి

సోనోరన్ ఎడారి దక్షిణ అరిజోనా, ఆగ్నేయ కాలిఫోర్నియా, మెక్సికోలోని సోనోరా, బాహా కాలిఫోర్నియాల మీదుగా సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ ఎక్కువగా కనిపించేవి రాతి గుట్టలు, వాటి మీద చెట్లు, పొదలు, మనిషిని మించిన కాక్టస్‌లు. వాన రెండు విడతలుగా రావడమే ఈ పచ్చదనానికి కారణం. చలికాలంలో పసిఫిక్ వైపు నుంచి సన్నటి ముసురు పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములు మెరుపులతో మాన్‌సూన్ జల్లులు కురుస్తాయి. పడిన కాస్త నీటినీ పట్టి దాచుకోవడం, దాన్ని జంతువుల నోటికి అందకుండా కాచుకోవడం ఒక్కో కాక్టస్ ఒక్కోలా నేర్చుకుంది. మనం గుర్తుపట్టే ఆనవాళ్లు చాలావరకు ఆ నేర్పులోంచి పుట్టినవే.

ముల్లు మొలిచే చోటు

కాక్టస్‌కు తిరుగులేని గుర్తు ముల్లు మొలిచే చోటు. భూతద్దం పెట్టి చూస్తే ముళ్ల మొదట్లో నూగుతో నిండిన చిన్న మెత్తటి బొడిపె కనిపిస్తుంది. దాన్ని అరియోల్ అంటారు. మన పల్లెల్లో కంచెలకు నాటే బొమ్మజెముడు, ఆకుజెముడులకు ఇది ఉండదు. వాటిని గిల్లితే పాలు కారతాయి. అవి యుఫోర్బియాలు, కాక్టస్ కుటుంబానికి చెందవు. నాగజెముడు మాత్రం అసలైన కాక్టస్, అమెరికా నుంచి మన దేశానికి వచ్చిన మొక్క. అరిజోనాలోనూ ఇలాంటి పొరపాటు జరుగుతుంటుంది. పొడవాటి ముళ్ల కొమ్మలు నేల నుంచి గుంపుగా లేచి, చివర్లలో ఎర్రగా పూసే ఒకోటియోను చాలామంది కాక్టస్ అనుకుంటారు. వాన పడిన కొద్ది రోజులకే దాని కొమ్మల నిండా ఆకులు వస్తాయి. అదీ కాక్టస్ కాదు.

అరియోల్ కనిపించాక కాండం ఆకారం చూడాలి. చదునైన పలకల మీద పలకలు లేస్తే అది ప్రిక్లీ పేర్, అంటే మన నాగజెముడుకు దగ్గర బంధువు. పలకలు ఊదారంగుకు తిరిగితే శాంటా రీటా రకం. చలికీ నీటి ఎద్దడికీ ఆ రంగు ముదురుతుంది. పొడవు ముళ్లు లేకుండా నున్నగా కనిపించేది బీవర్‌టెయిల్. నున్నగా ఉంది కదా అని చెయ్యి వేయకండి. దాని ప్రతి అరియోల్‌లోనూ కంటికి సరిగా ఆనని నూగుముళ్లు కుచ్చులుగా ఉంటాయి. చర్మంలో దిగితే పట్టుకారుతో ఒక్కొక్కటే తీసుకోవాల్సిందే.

కాండం గుండ్రటి కణుపులుగా ఉంటే అది చోయా. దీని ముల్లును దగ్గరగా చూస్తే పైన కాగితంలా పలచటి తొడుగు ఉంటుంది. జాగ్రత్తగా లాగితే తొడుగు ఊడి వస్తుంది, ముల్లు అలాగే నిలుస్తుంది. టెడ్డీ బేర్ చోయా మెరిసిపోయేది ఈ తొడుగుల మీద ఎండ పడటం వల్లే. తగిలీ తగలగానే కణుపు ఊడి బట్టకో, కాలికో అంటుకుంటుంది. రాలినచోట వేళ్లు పోసుకుని కొత్త మొక్కవుతుంది. కొండలెక్కేవాళ్లు అది అంటుకుంటే తీయడానికి దువ్వెన దగ్గర పెట్టుకుంటారు.

నిలువు గాళ్లతో లావుగా, పొట్టిగా ఉంటే పీపా కాక్టస్. నడిమి ముల్లు గాలంలా వంగి ఉండి, వేసవి చివర్లో నారింజ రంగు పూలు పూసి, పసుప్పచ్చటి కాయలు నడినెత్తిన కిరీటంలా చాలాకాలం నిలిస్తే అది ఫిష్‌హుక్ బ్యారెల్. ఎర్రటి ముళ్లతో ఒళ్లంతా కప్పుకుని వసంతంలో పసుపు పూలు పూసేది కంపాస్ బ్యారెల్. మనిషిని మించి ఎదిగే సవారో కాక్టస్‌ను చిన్నగా ఉన్నప్పుడు చూసి పీపా కాక్టస్ అనుకునేవాళ్లుంటారు. సవారో ముళ్లు నిటారుగా ఉంటాయి, గాలంలా వంగవు. రాళ్ల సందుల్లో వేలెడంత ఎత్తున, కొక్కెం ముళ్లతో, వానల తర్వాత గులాబీ పూలు వలయంలా పూసేది మామిలేరియా. కొత్తగా పెంచేవాళ్ల కుండీకి అది చక్కగా సరిపోతుంది.

సవారో ఓపిక

ఎడారికి రాజు సవారోయే. 1931లో దాని పువ్వును అరిజోనా తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. టూసాన్ దగ్గర 1933లో దీని కోసమే ఒక జాతీయ స్మారక వనం వెలిసి, 1994లో నేషనల్ పార్క్ అయింది. మొదటి ఎనిమిదేళ్లలో ఈ మొక్క అంగుళం, అంగుళంన్నర మాత్రమే ఎదుగుతుంది. తొలి పూతకు దాదాపు 35 ఏళ్లు పడుతుంది. చేతుల్లాంటి పక్క కొమ్మలు మొలవాలంటే 50 నుంచి 70 ఏళ్లు, పొడి నేలల్లో ఇంకా ఎక్కువ. 40 అడుగులు దాటి, 150 ఏళ్లకు పైగా బతికేవి ఉన్నాయి. పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లోనే గబ్బిలాలు, తెల్లరెక్కల గువ్వలు, తేనెటీగలు పుప్పొడి మార్చాలి. ఒక్కో పండులో సుమారు 2,000 గింజలుంటాయి. ఈ నేల ఆదివాసులైన తొహొనో ఓదమ్ ప్రజలు జూన్ నెలాఖరున పండ్లు కోసి పాకం కాచుకుంటారు. వాన రాకతో మొదలయ్యే వాళ్ల కొత్త ఏడాది ఆ కోతతో ముడిపడింది.

నాటేటప్పుడు

కాక్టస్‌ను ఎండ కంటే తడి ఎక్కువగా చంపుతుంది. ఇక్కడి నేలలో చాలాచోట్ల కాలిచే అనే గట్టి సున్నపు పొర ఉంటుంది. దాన్ని పగలగొట్టకుండా నాటితే నీరు కిందికి ఇంకక వేరు కుళ్లుతుంది. కుండీలోనైతే గరుకు ఇసుక, ప్యూమిస్ రాతి నలుసులు సగానికి పైగా కలపాలి. ప్రిక్లీ పేర్ పలకను కోసిన వెంటనే నాటకూడదు. కోసిన చోటు గట్టిపడేదాకా ఒకటి రెండు వారాలు నీడలో ఆరబెట్టాలి.

పెద్ద మొక్కను తరలించేటప్పుడు దక్షిణం వైపు ఒక గుర్తు పెట్టుకుని, కొత్త చోట అదే దిక్కుకు తిప్పి నాటాలి. ఎండకు అలవాటుపడని వైపు దక్షిణానికి తిరిగితే చర్మం కాలిపోతుంది. నీళ్ల సంగతి మొక్కే చెబుతుంది. సవారో ఒంటి మీది మడతలు హార్మోనియం తిత్తిలా నీరు తాగితే విచ్చుకుంటాయి, ఎండితే ముడుచుకుంటాయి. బాగా ముడుచుకున్నప్పుడే వేర్లు పరుచుకున్నంత మేర తడపాలి. సవారో వేర్లు చాలావరకు నేలలో కొన్ని అంగుళాల లోతునే, మొక్క ఎత్తంత దూరం పాకుతాయి. మొదలు దగ్గరే నీళ్లు పోస్తే వాటికి అందవు.

అంత తట్టుకునే మొక్కకూ ఒక హద్దుంది. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. రాత్రులూ చల్లబడలేదు. కాక్టస్ పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లదనంలో తెరిచి గాలి పీల్చుకుంటుంది. ఆ చల్లదనం దొరక్క ఎన్నో సవారోల చేతులు విరిగిపడ్డాయి, కొన్ని నిలువునా కూలాయి. అందుకే లేత మొక్కలకు వేసవిలో నీడ గుడ్డ కట్టడం తప్పనిసరి.

అనుమతి లేకుండా అడవిలోంచి మొక్క తవ్వి తెచ్చుకోవడం నేరం. అరిజోనా చట్టం స్థానిక కాక్టస్‌లను కాపాడుతుంది. అడవి సవారోను తరలించాలంటే రాష్ట్ర వ్యవసాయ శాఖ అనుమతి, ట్యాగు కావాలి. కొనేటప్పుడు వాటిని అడిగి చూడండి. గింజ నుంచి నర్సరీలో పెంచినదైతే మరీ మంచిది.

పొరపాటుకు ఎంత మూల్యం

గుర్తుపట్టడం మీద ఇంత పట్టుబట్టడానికి చరిత్రే కారణం. ప్రిక్లీ పేర్ మీద తెల్లటి దూదిలా పట్టి, నలిపితే ఎర్రరంగు కారే కోచినీల్ పురుగు అద్దకాలకు బంగారం లాంటిది. ఆ రంగు మీద ఆశతో 1795లో బ్రెజిల్ నుంచి భారత్‌కు ఒక పురుగును తెచ్చారు. అది అసలు కోచినీల్ కాదు, వేరే జాతి. నాసిరకం రంగే దక్కింది, పెంచుకున్న మొక్కలే నాశనమయ్యాయి. ఆ పురుగు ముట్టని మరో రకం నాగజెముడు దక్షిణాది పొలాలను ఆక్రమించింది. 1926లో మరో జాతి పురుగును వదిలాకే అది అదుపులోకి వచ్చింది.

ఇప్పుడు వంతు అరిజోనాది. మన మెట్ట భూముల్లో పశువులకు మంచి మేతైన అంజన్ గడ్డి ఆఫ్రికా, ఆసియాలకు చెందినది. గత శతాబ్దంలో దాన్ని మేత కోసం అక్కడికి తీసుకెళ్లారు. బఫెల్ గడ్డి పేరుతో అది గుట్టలంతా పాకి, ఎండి, నిప్పంటుకుంటోంది. మంటలకు అలవాటులేని సవారోలు కాలిపోతున్నాయి. టూసాన్ పరిసరాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని వేళ్లతో సహా పీకుతున్నారు. మీ వాకిట్లోనో, వీధి చివరనో మొలిస్తే మీరూ పీకేయండి. కాక్టస్‌కు మనం చేయగలిగిన మొదటి మేలు అదే.

రెండో మేలు నీడ. అడవిలో సవారో పిల్ల ఒంటరిగా బతకదు. పాలో వెర్డె, ఐరన్‌వుడ్, మెస్కీట్ చెట్లలో ఏదో ఒకదాని కింద ఎండా చలీ తప్పించుకుని పెరుగుతుంది. కాబట్టి ముందు పాలో వెర్డె నాటండి. అది నీడ ఇచ్చే దశకు వచ్చాక దాని కింద చిన్న సవారోను పెట్టండి. తొలి పువ్వు చూసేది మీ పిల్లలు కావచ్చు. మామిడి నాటిన తాతలు లెక్క చూసుకోలేదు, మనకూ ఆ లెక్క అక్కర్లేదు.