పెనం మారితేనే హలాల్

థాయ్‌లాండ్‌లో సాయంత్రమైతే కుటుంబాలు, మిత్రబృందాలు 'మూ క్రథ' హోటళ్లకు చేరుకుంటాయి. థాయ్ భాషలో 'మూ' అంటే పంది, 'క్రథ' అంటే పెనం. బల్ల మధ్య బొగ్గుల కుంపటి, దానిపై గుమ్మటం లాంటి పెనం ఉంటాయి. గుమ్మటంపై మాంసం కాలుతుంది. చుట్టూ ఉన్న గాడిలో మరిగే రసంలో ఆకుకూరలు, సేమ్యా ఉడుకుతాయి. తలకింతని చెల్లిస్తే ఎంతైనా తినవచ్చు.

మాంసం అంటుకోకుండా పెనానికి పందికొవ్వు రాస్తారు. అది కరిగి రసంలోకి జారుతుంది. కనుక కోడిమాంసం మాత్రమే ఎంచుకున్నా ముస్లింలకు అది హలాల్ కాజాలదు. అందుకే అక్కడి ముస్లింలు గొడ్డుమాంసం, కోడిమాంసం, రొయ్యలతో వేరుగా ఇలాంటి హోటళ్లు నడుపుతున్నారు. థాయ్‌లాండ్ వెళ్లేవారు హలాల్ ముద్ర ఉన్నచోటే కూర్చోవాలి.

అక్కడా రెండు జాగ్రత్తలు అవసరం. పచ్చిమాంసం పట్టిన పటకారుతో కాలిన ముక్కలు తీయరాదు. తినగలిగినంతే పళ్లెంలో పెట్టుకోవాలి. మిగిల్చితే జరిమానా వేసే హోటళ్లూ ఉన్నాయి. వేయకపోయినా ఇస్రాఫ్ ఇస్రాఫే!