కెమెరాకు కొత్త దూరకటకం కొనాలా?

పిల్లలూ! నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండే మిర్యాలగూడ వరిపొలాలను మీలో చాలామంది చూసే ఉంటారు. నాట్ల కాలంలో మడి దున్నుతుంటే ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు నడుస్తాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుని పురుగుల కోసం కాచుకుంటుంది. అది మన తెలంగాణ రాష్ట్రపక్షి. దాన్ని మామూలు సెల్‌ఫోనుతో ఫోటో తీస్తే ఏం కనబడుతుంది? ఆకాశం, ఒక తీగ, తీగ మీద ఒక చుక్క! పొడవాటి గొట్టంలాంటి లెన్సు తగిలించిన కెమెరాతో తీస్తే మాత్రం రెక్కల మీది నీలిరంగు కూడా తెలుస్తుంది.

ఆ గొట్టాన్నే టెలిఫోటో లెన్సు అంటారు. మనం దాన్ని దూరకటకం అందాం. దాని నాభ్యంతరాన్ని తిప్పి మార్చుకునే వీలుంటే అది జూమ్ లెన్సు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఫోటోలు తీసి బతికే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పిల్లలు మీ తరగతిలోనే ఉండవచ్చు. పెళ్ళిళ్ళ కాలం వస్తోందంటే ఆ ఇళ్ళలో ఒక ప్రశ్న లేస్తుంది: పాత జూమ్ లెన్సు తీసేసి మంచిది కొనాలా? లక్ష రూపాయలు దాటే లెన్సులూ ఉన్నాయి. అప్పు చేసి కొన్నాక ఫోటోలు పాతవాటిలాగే వస్తే ఆ బాధ ఇంటిల్లిపాదిదీ. ఈ ప్రశ్నకు జవాబు దుకాణంలో దొరకదు. మీ పదో తరగతి భౌతికశాస్త్రంలో దొరుకుతుంది. ఎలాగో చూద్దాం.

ప్రతిబింబం ఎంత పెద్దది?

కుంభాకార కటకం దూరపు వస్తువు ప్రతిబింబాన్ని తన నాభి దగ్గర ఏర్పరుస్తుందని మీరు చదువుకున్నారు. కెమెరాలో సరిగ్గా అక్కడే, పాత రోజుల్లో ఫిల్ము ఉండేది, ఇప్పుడు సెన్సారు అనే పలక ఉంటుంది. ఆ ప్రతిబింబం కొలత తెలుసుకోవడానికి సులువైన లెక్క ఒకటుంది:

ప్రతిబింబం పొడవు = వస్తువు పొడవు × కటకం నాభ్యంతరం ÷ వస్తువు దూరం

పాలపిట్ట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే 300 మి.మీ. అది 30 మీటర్ల దూరంలో, అంటే 30,000 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. మన దగ్గరున్న లెన్సు నాభ్యంతరం 300 మి.మీ. అప్పుడు 300 × 300 ÷ 30,000 = 3 మి.మీ. పెద్ద కెమెరాలలో సెన్సారు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. అందులో మన పాలపిట్ట 3 మి.మీ. మాత్రమే!

ఆ సెన్సారు వెడల్పులో 6,000 చుక్కలు ఉన్నాయనుకోండి. ఒక మిల్లీమీటరుకు సుమారు 167 చుక్కలు. కాబట్టి పిట్ట మొత్తం 500 చుక్కల్లో ఇమిడిపోతుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే కాగితం మీద పిట్ట పొడవు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది.

ఇప్పుడు 400 మి.మీ. లెన్సు కొన్నామనుకోండి. ప్రతిబింబం 4 మి.మీ. అవుతుంది. పెరిగింది ఒక్క మిల్లీమీటరు. పాత 300 మి.మీ. లెన్సుతోనే మనం 30 మీటర్ల నుంచి ఇరవై రెండున్నర మీటర్లకు దగ్గరగా వెళ్తే? మళ్ళీ లెక్క చేయండి. అదే 4 మి.మీ.! ఏడున్నర మీటర్లు నెమ్మదిగా నడవడం, ఖరీదైన లెన్సు చేసే పనినే చేసింది. 600 మి.మీ. లెన్సయితే ప్రతిబింబం 6 మి.మీ., అంటే రెండింతలు. ఇది చెప్పుకోదగిన మార్పు. అందుకే దూరకటకం మార్చాలనుకునేవారు ముందు చూడవలసింది, కొత్తది పాతదానికి ఎన్ని రెట్లు అన్నది.

ఆ గొట్టంలో ఏముంది?

600 మి.మీ. నాభ్యంతరం కావాలంటే ఒంటి కటకాన్ని సెన్సారుకు 600 మి.మీ. ముందు ఉంచాలి. అంత పొడవు గొట్టాన్ని మోయడం కష్టం. దీనికి ఉపాయం 1891లో దొరికింది. ఇంగ్లండులో టి.ఆర్. డాల్‌మేయర్, జర్మనీలో మరికొందరు ఇంచుమించు ఒకేసారి దాన్ని కనుగొన్నారు. ముందు భాగంలో కాంతిని గుమిగూర్చే కుంభాకార కటకాల గుంపు, వెనక భాగంలో కాంతిని కొద్దిగా విప్పే పుటాకార కటకాల గుంపు పెట్టారు. దీనివల్ల గొట్టం నాభ్యంతరం కంటే పొట్టిగా ఉంటుంది. టెలిఫోటో అంటే అసలు అర్థం ఇదే.

కటకాల గుంపులను ముందుకూ వెనక్కూ జరిపి నాభ్యంతరాన్నే మార్చేది జూమ్ లెన్సు. ఫోటో కెమెరాలకు అలాంటిది 1959లో ఫోక్ట్‌లెండర్ సంస్థ జూమార్ పేరుతో తెచ్చింది. దాని నాభ్యంతరం 36 నుంచి 82 మి.మీ. వరకు మారేది.

మరి ఒకే నాభ్యంతరమున్న రెండు లెన్సుల ధరల్లో అంత తేడా ఎందుకు? పట్టకం తెల్లని కాంతిని ఏడు రంగులుగా విడదీస్తుంది కదా! కటకం అంచు కూడా పట్టకం లాంటిదే. ఎరుపు ఒక చోట, నీలం మరొక చోట కేంద్రీకృతమవుతాయి. తెల్లకొంగ అంచు వెంట ఊదారంగు గీత కనబడుతుంది. ఈ దోషం పోగొట్టడానికి రంగులను తక్కువగా విడదీసే ప్రత్యేకమైన గాజునూ, కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికాలనూ వాడతారు. అవి ఖరీదైనవి. నాభ్యంతరం పెరిగేకొద్దీ ఈ దోషం కూడా పెద్దదై కనబడుతుంది కాబట్టి, మంచి గాజు విలువ తెలిసేది దూరకటకాల్లోనే.

వెడల్పు నోటి కుండ

వానకు రెండు కుండలు బయట పెడితే ఏది ముందు నిండుతుంది? రెండింటిలో పట్టే నీళ్ళు సమానమైతే నోరు వెడల్పుగా ఉన్నది. లెన్సు కూడా అంతే. నాభ్యంతరాన్ని కాంతి ప్రవేశించే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదాన్ని ఎఫ్ సంఖ్య అంటారు. లెన్సు మీద రాసి ఉండే 2.8, 4, 5.6 అవే. సంఖ్య చిన్నదైతే ద్వారం పెద్దది.

300 మి.మీ. లెన్సు ఎఫ్ 5.6 అయితే ద్వారం వ్యాసం సుమారు 54 మి.మీ. అదే ఎఫ్ 2.8 అయితే సుమారు 107 మి.మీ. వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. కాబట్టి కాంతి కూడా నాలుగింతలు. పాత లెన్సుతో సెకనులో 60వ వంతు కాలం తెరవవలసిన చోట కొత్తదానితో సుమారు 250వ వంతు చాలు. మరి వైశాల్యం నాలుగింతలైన గాజును సానపట్టాలి, గొట్టం పెద్దది కావాలి. అందుకే అలాంటి లెన్సుకు బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే.

మూడు ఊళ్ళు, మూడు జవాబులు

ఇప్పుడు మన మూడు పట్టణాలకు వెళ్దాం.

సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో కాకతీయుల కాలంనాటి ఆలయాలు ఉన్నాయి. రేచర్ల రెడ్డి సామంతులు కట్టించినవి. లోపల స్తంభాల మీద సన్నని శిల్పాలు, కానీ వెలుతురు తక్కువ. ఇక్కడికి పెద్ద ద్వారమున్న లెన్సు కావాలా? అక్కర్లేదు. శిల్పం కదలదు కదా! అనుమతి తీసుకుని కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద నిలిపి, ఒక సెకను పాటు తెరిచి ఉంచినా ఫోటో స్పష్టంగా వస్తుంది. ఇక్కడ కొనవలసింది స్టాండు.

కోదాడలో రాత్రి పెళ్ళి అనుకోండి. తలంబ్రాల వేళ. ఫోటో తీసేవారు 10 మీటర్ల దూరంలో 200 మి.మీ. లెన్సుతో నిలబడ్డారు. పెళ్ళికూతురి చేతులు సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతున్నాయి. సెన్సారు మీద ఆ ప్రతిబింబం సెకనుకు 20 మి.మీ. వేగంతో కదులుతుంది. 60వ వంతు సెకనులో అది 0.33 మి.మీ. జరుగుతుంది. అంటే సుమారు 55 చుక్కల మేర అలుక్కుపోతుంది! 250వ వంతు సెకనులో అయితే 0.08 మి.మీ., అంటే సుమారు 13 చుక్కలే. ఇక్కడ స్టాండు పనికిరాదు, ఎందుకంటే కదిలేది కెమెరా కాదు, చేతులు. చేతి వణుకును సరిచేసే యంత్రం లెన్సులో ఉన్నా ఇక్కడ అది కూడా పనికిరాదు. ఇలాంటి పనితోనే ఇల్లు గడిచేవారికి ఎఫ్ 2.8 జూమ్ లెన్సు నిజంగా అక్కరకొస్తుంది. అయితే ముందు ఖర్చులేని మార్గం చూడాలి. కెమెరాలో ఐ.ఎస్.ఓ. అనే అమరిక ఉంటుంది. దాన్ని 1,600 నుంచి 6,400కు పెంచితే అదే వేగం పాత లెన్సుతోనే వస్తుంది. ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు కొంచెం పెరుగుతాయి. ఆల్బమ్ సైజులో అచ్చు వేసి చూసి, అవి కంటికి ఆనకపోతే పాత లెన్సే చాలు.

ఇక మిర్యాలగూడ పొలాల్లో పక్షులు. ఇక్కడ పగటి వెలుతురు పుష్కలం. కావలసింది నాభ్యంతరం. 300 నుంచి 400కు మారడం కంటే చెట్టు చాటున ఓపికగా కూర్చోవడం మేలని లెక్కలో చూశాం. పక్షుల ఫోటోలే తీయాలనుకునేవారికి 600 మి.మీ. వరకు వెళ్ళే జూమ్ ప్రయోజనం. ఒక్క మాట: ఫోటో కోసం గూళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. తల్లిపక్షి బెదిరి వెళ్ళిపోతే గుడ్లకూ, పిల్లలకూ ప్రమాదం.

తప్పు లెన్సుదేనా?

ఫోటో మసకగా వస్తే చాలామంది లెన్సునే నిందిస్తారు. డాక్టరు రోగిని చూసినట్టు మనం ఒక్కొక్కటే పరీక్షిద్దాం.

మొదటి పరీక్ష: గోడకు వార్తాపత్రిక అతికించి, కెమెరాను స్టాండు మీద పెట్టి, మీట ముట్టుకోకుండా రెండు సెకన్ల టైమరుతో తీయండి. తర్వాత చేత్తో పట్టుకుని అదే ఫోటో తీయండి. మొదటిది స్పష్టంగా ఉండి రెండోది మసకగా ఉంటే తప్పు చేతి వణుకుది. దూరకటకం పిట్టను పెద్దది చేసినట్టే వణుకునూ పెద్దది చేస్తుంది. 300 మి.మీ. లెన్సును చేత్తో పట్టుకుంటే కనీసం 300వ వంతు సెకను వేగం ఉండాలని ఫోటో తీసేవారి లెక్క.

రెండో పరీక్ష: దూరంగా ఉన్న ఒక బోర్డును ఉదయం ఆరు గంటలకూ, మధ్యాహ్నం రెండు గంటలకూ తీయండి. వేసవి మధ్యాహ్నం హైదరాబాద్–విజయవాడ రహదారి మీద కోదాడ వైపు చూస్తే దూరపు లారీలు నీళ్ళలో తేలుతున్నట్టు వణుకుతాయి. నేల దగ్గర వేడిగాలి, పైన కొంచెం చల్లని గాలి కలిసి కాంతిని రకరకాలుగా వక్రీభవనం చెందిస్తాయి. ఈ దోషం గాలిది. ఎంత ఖరీదైన లెన్సయినా దీన్ని తీర్చలేదు.

మూడో పరీక్ష: ఆ వార్తాపత్రికనే ఎఫ్ 5.6తో, ఎఫ్ 8తో, ఎఫ్ 22తో తీసి పోల్చండి. 8 దగ్గర అక్షరాలు బాగుంటే ఆ లెన్సును 8 దగ్గర వాడుకుంటే సరి. 22 దగ్గర మళ్ళీ మసక వస్తుంది. చిన్న ద్వారం గుండా పోయేటప్పుడు కాంతి అంచుల దగ్గర వ్యాపించడమే కారణం. దీన్ని వివర్తనం అంటారు.

నాలుగో పరీక్ష: చీకటి గదిలో లెన్సు గుండా టార్చి వెయ్యండి. లోపల సాలెగూడు లాంటి పోగులు కనబడితే అది బూజు. వానాకాలపు తేమకు పుడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో లెన్సును దాచితే ఇది రాదు. వాడిన లెన్సు కొనేవారు ఈ పరీక్ష తప్పక చేయాలి.

అయిదో పరీక్ష చంద్రుడితో. చంద్రుడి వ్యాసం అతని దూరంలో సుమారు 110వ వంతు. కాబట్టి 300 మి.మీ. లెన్సులో చంద్రబింబం దాదాపు 2.7 మి.మీ. ఉంటుంది. అష్టమి నాటి చంద్రుడి మీద వెలుగునీడల అంచున గుంటలు స్పష్టంగా కనబడితే మీ లెన్సు మంచిదే. సూర్యబింబం కూడా ఇంచుమించు ఇంతే ఉంటుంది. అందుకే చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పగలడు. 1980 ఫిబ్రవరి 16న అలాంటి సంపూర్ణ గ్రహణపు నీడ అప్పటి నల్లగొండ జిల్లా మీదుగానే సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్–రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలించారు. కానీ పిల్లలూ, జాగ్రత్త! లెన్సు గుండా సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి. భూతద్దంతో కాగితం కాల్చినట్టు కన్ను కాలిపోతుంది.

చివరి తీర్పు

ఈ పరీక్షలన్నీ అయ్యాక మూడు ప్రశ్నలు అడగాలి. మనం తీసే వస్తువు కదులుతుందా? వెలుతురు తక్కువా? దగ్గరికి వెళ్ళే వీలు లేదా? మూడింటికీ “కాదు” అని జవాబు వస్తే డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు. “అవును” అని వస్తే, ఏ ప్రశ్నకు వచ్చిందో దాన్నిబట్టి పెద్ద ద్వారమో, పెద్ద నాభ్యంతరమో ఎంచుకోవాలి. అప్పుడు కూడా ముందు ఒకరోజు అద్దెకు తెచ్చి, పాతదాని పక్కన పెట్టి పోల్చి, ఆ తర్వాతే కొనాలి.

మీరు చేయవలసిన లెక్క: ఒక తెల్లకొంగ ఎత్తు 60 సెంటీమీటర్లు. అది 40 మీటర్ల దూరంలో నిలబడి ఉంది. 200 మి.మీ. లెన్సులో దాని ప్రతిబింబం ఎంత? అది 6 మి.మీ. కావాలంటే ఎంత దగ్గరికి వెళ్ళాలి? వెళ్ళలేకపోతే ఎంత నాభ్యంతరం కావాలి? ఇంట్లో కెమెరా ఉన్నవారు ఫోటో తీసి సరిచూసుకోండి. లేనివారికి కాగితం, పెన్సిలు చాలు.