పదునొకండు రూపాయల తగవా?

పరప్రభుత్వము వ్రాయించు చరిత్రమున దేశభక్తునకు లభించు స్థానము నేరస్థుల పట్టికలోనే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయమున నిది అక్షరాల నిజమైనది. ఈస్టిండియా కంపెనీవా రాతనిపై మోపిన నేరములు రాజద్రోహము, హత్య, దోపిడి. ఆతడేల తిరుగబడెనని యడిగినవారికి వారి లెక్కపుస్తకము చెప్పు సమాధానము మఱింత సులభమైనది: నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణమును గూర్చిన తగవు! ఈ మాట నేటికిని కొందఱు విద్యావంతుల నోట వినవచ్చుచున్నది. ఇందలి సత్యాసత్యములను విచారింపవలసియున్నది.

1800 వ సంవత్సరమున నిజాము ఈ సీమను కంపెనీకి ధారపోసెను. నాడు దత్తమండలములలో సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రును, వారి యధీనమున ముప్పదివేల యాయుధపాణులును ఉండిరందురు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో దొర పాలెములను రద్దుచేసి, బలగములను చెదరగొట్టి, లొంగినవారికి భరణములు నియమించెను. మన చిత్తూరు సీమయు ఇందుకు భిన్నము గాదు. 1801 లో ఆర్కాటు నవాబు రాజ్యము కంపెనీ పరము కాగా, చిత్తూరు పాలెగాండ్రు 1804 లో తిరుగబడి, కొండలను అడవులను ఆశ్రయించి పోరాడి అణగిపోయిరి. తిరుమల వేంకటేశ్వరుని యాదాయవ్యయములు సైతము 1801 మొదలు 1843 వఱకు కంపెనీ దస్తరములలోనే లెక్కింపబడెను. మదనపల్లె, వాయలుపాడు తాలూకాలు 1911 లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు కడప జిల్లాలోనివే. కోయిలకుంట్లయు 1858 వఱకు ఆ జిల్లాలోనిదే. కావున నరసింహారెడ్డి కథ మన కన్యుల కథ కాదు.

నరసింహారెడ్డి నొస్సము పాలెగాడగు జయరామిరెడ్డికి దౌహిత్రుడు. తాతగారు పుత్రసంతతి లేక గతింపగా ఆ భరణము కంపెనీ నిలిపివేసెను. మిగిలినది తండ్రి వంకనుండి సంక్రమించిన ఆ పదునొకండు రూపాయలే. దానిని తెచ్చుటకు పంపిన సేవకుని కోయిలకుంట్ల తహసీలుదారు అవమానించెనని జనశ్రుతి. అవమానము నిజమే కావచ్చును. రోషము గలవాడు సహింపకపోవుటయు సహజమే. కాని ఒక్కని భరణముకొఱకు వందలకొలది జనులు ప్రాణములొడ్డుదురా? ఇదియే ప్రశ్న.

దీనికి సమాధానము కట్టుబడి బంట్రోతుల చరిత్రమున నున్నది. వీరు పాలెగాండ్ర కాలమున గ్రామములను, కనుమదారులను కాచి, ఆ కొలువునకు ప్రతిఫలముగా ఇనాము భూములను స్వల్పమైన పన్నుతో ననుభవించినవారు. కంపెనీ తన సొంత పోలీసును నిలుపుకొన్న పిదప వీరి కొలువు అక్కఱలేనిదయ్యెను. అనుభవించువాడు మరణించినతోడనే భూమిని సర్కారు వశపఱచుకొన మొదలిడెను. తండ్రి చితి చల్లాఱకమున్నే కొడుకు చేను పోయెను. అట్టివారికి నరసింహారెడ్డి నాయకుడయ్యెను. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న ఆతని కుడిభుజములైరి.

1846 జూలైలో వీరు కోయిలకుంట్ల ఖజానాపై బడిరి. తహసీలుదారు హతుడయ్యెను. దొరకిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలని కంపెనీ పైసతో సహా లెక్కకట్టెను. ఆ నెలలోనే గిద్దలూరు వద్ద కంపెనీ సేనలతో పోరు జరిగెను. పిమ్మట నల్లమల కొండలే వారికి కోటలు. కనుమలెఱిగిన కట్టుబడి బంట్లు ఒకచోట కనబడి వేఱొకచోట తాకుచు సర్కారు సేనకు ఊపిరి సలుపనీయరైరి. తుదకు అక్టోబరు 6 వ తేదీని పేరుసోమల యొద్ద కొండలలో నరసింహారెడ్డి పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22 వ తేదీని కోయిలకుంట్లలో, కలెక్టరు కాక్రేను సమక్షమున, రెండువేలకు పైగా జనులు చూచుచుండ ఆతని నురితీసిరి. శిరస్సును కోటగోడపై వ్రేలాడదీసిరి. అది 1877 వఱకు, ముప్పది యేండ్లు, అట్లే యుండెను. ఆ నాటికి ధాత కరవు ఈ సీమను కాల్చుచుండెను.

ఇచ్చటనే కంపెనీ లెక్క తప్పినది. పదునొకండు రూపాయలకై అలిగిన దోపిడికాని తలకు ముప్పది యేండ్ల కావలి యేల? ఆ తల యెవరిని భయపెట్టుటకు? నేరము మోపబడినవారు 901 మంది. శిక్ష పడినవారు 112 మంది. ఈ యంకెలు కంపెనీవే. తాము అణచినది ఒక కుటుంబపు తగవు కాదని పాలకులకు బాగుగ తెలియును.

మూడు నెలల పోరాటమేపాటిదని యడుగువారికి దూరదేశపు చరిత్రము కొంత బుద్ధి చెప్పగలదు. ఆల్బేనియా వీరుడగు స్కాందర్ బెగ్ బాల్యమున తురుష్క సుల్తానునకు బందీగా నప్పగింపబడి, ఆతని కొలువుననే సేనానియై, 1443 లో స్వదేశమునకు మరలి క్రూయా కోటపై తన జెండా నెత్తెను. కొండజాతులను కూడగట్టి, 1468 లో మరణించువఱకు సుల్తానుల సేనల నెదిర్చెను. ఆతని మరణానంతరము దేశము తురుష్కుల వశమయ్యెను. ఐనను 1912 లో ఆల్బేనియనులు స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న దినమున ఎత్తిన జెండా ఆ వీరుని రెండుతలల గ్రద్ద జెండాయే. ఓడిన సేనాని జెండాను జాతి నాలుగున్నర శతాబ్దములు మఱవలేదు.

మనమును మఱవలేదు. రాయలసీమ పల్లెలలో నరసింహారెడ్డి కథను పాటగట్టి పాడిరి. 2019 లో చలనచిత్రము వెలువడెను. 2021 లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆతని పేరు పెట్టిరి. సంతోషమే. కాని ఇందొక ప్రమాదము కలదు. వీరుని ఒక్కనిగా నిలబెట్టి పూజించినచో మనమును కంపెనీ లెక్కనే అంగీకరించినవారమగుదుము. పోరాటము మరల ఒక్కని పౌరుషముగా, ఒక వంశపు కీర్తిగా, క్రమముగా ఒక కులపు సొత్తుగా మిగిలిపోవును. ఆతని వెంట నడచినవారు రెడ్లు మాత్రమే కారు. వడ్డెలు, బోయలు, చెంచులు, భూమి గోల్పోయిన బంట్రోతులు ఆ సేన. విగ్రహమునకు పూలదండ వేయుట సులభము. ఆ నూటపండ్రెండుగురి పేళ్లను దస్తరములనుండి వెలికిదీసి, కోయిలకుంట్లలో శిలపై చెక్కించి, పిల్లలచే చదివించుట కష్టము. ఆ కష్టమునకు పూనుకొనుడు. నాయకుని తలను కోటగోడపై వ్రేలాడదీసినవారు ఆతని యనుచరులను విస్మృతిలో పాతిపెట్టిరి. మొదటి యవమానము 1877 లో ముగిసెను. రెండవదానిని ముగించుట మన చేతిలో నున్నది.