థెరపిస్ట్‌ని వెతికేముందు

నిద్రలేని రాత్రులు ఎక్కువై, నిరుడు థెరపిస్ట్ కోసం వెతికాను. ఇన్సూరెన్స్ మావారి ఉద్యోగం ద్వారా వచ్చింది, నేను డిపెండెంట్‌ని. ప్లాన్ జాబితాలో పేరున్నా, ఆఫీసుకి ఫోన్ చేసి మూడు విషయాలు అడిగాను: ఇప్పటికీ మా నెట్‌వర్క్‌లో ఉన్నారా, కొత్త పేషెంట్లని తీసుకుంటున్నారా, మా రాష్ట్రంలో లైసెన్సుందా. తెలుగు వచ్చినవాళ్ళు వేరే రాష్ట్రం నుంచి వీడియోలో చూస్తామన్నా ఈ మూడోది అడిగి తెలుసుకోవాలి. డిడక్టిబుల్ తీరేదాకా ఎంత కట్టాలో ఇన్సూరెన్స్ కంపెనీనే అడగాలి.

మనలో చాలామందిని ఆపేది, ఇంట్లో తెలుస్తుందేమోనన్న భయం. వెళ్ళిన తేదీ, బిల్లు ఉన్న ఇఓబీ కాగితం పాలసీదారు పేరున రావచ్చు. లోపల మనం చెప్పుకున్నది అందులో ఉండదు. అది ఇంటికొస్తే మీకు ప్రమాదమైతే, ఆ మాట రాసి, వేరే చిరునామాకి పంపమని కంపెనీని కోరండి. హిపా నిబంధనల ప్రకారం వాళ్ళు ఒప్పుకోవాలి.

ప్రాణం మీదికొస్తే మాత్రం ఇవేవీ చూడకండి. 988కి ఫోన్ చేయండి. దానికి ఇన్సూరెన్స్ అక్కర్లేదు.