ఆ ఆయాసం గుండెదీ కావచ్చు

ఇంటికి తెప్పించుకునే మంచినీళ్ల క్యాన్ 20 లీటర్లు. గుండె నాలుగు నిమిషాల్లో సుమారు అంత రక్తాన్ని తోస్తుంది. రోజుకు 360 క్యాన్లు. ఒళ్లంతా తిరగబోయే ముందు ఆ రక్తమంతా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణవాయువు నింపుకొని రావాల్సిందే. ఇంత కలిసి పనిచేసే ఆ రెంటినీ మనం వేర్వేరు డాక్టర్లకు, వేర్వేరు ఫైళ్లకు పంచేశాం.

ఉదాహరణకు ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీనే చూడండి. అంటే ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పీల్చడంతో గాలి గొట్టాలు ఇరుకై, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాని జబ్బు. ఊళ్లలో దీన్నీ ఉబ్బసమనే అంటారు గానీ, ఆస్తమా వేరు. 2016 నాటికి మన దేశంలో సుమారు 5.5 కోట్ల మందికి ఇది ఉందని అంచనా. పోల్చి చూస్తే, 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభా 5 కోట్ల లోపే. చుట్టా బీడీ ముట్టనివాళ్లకు కూడా వస్తుంది. కట్టెల పొయ్యి ముందు గడిపిన ఏళ్లూ లెక్కలోకి వస్తాయి.

ఈ జబ్బున్నవాళ్లకు గుండెజబ్బు ఉండే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు రెండున్నర రెట్లు. ‘పొగ తాగితే రెండూ చెడతాయి, ఇందులో వింతేముంది?’ అనొచ్చు. నిజమే, చాలామటుకు దోషం పొగదే. కానీ పొగ అలవాటును లెక్కలోంచి తీసేసి చూసినా కొంత ముప్పు మిగిలే ఉంటోంది.

అదెలాగో చూద్దాం. గుండె ఎడమ భాగం ఒళ్లంతటికీ, బీపీ లెక్కలో చెప్పాలంటే, 120 ఒత్తిడితో రక్తాన్ని తోస్తుంది, దాని గోడ దాదాపు సెంటీమీటరు మందం. కుడి భాగానికి పక్కనే ఉన్న ఊపిరితిత్తుల పనే కాబట్టి సగటున 15 లోపు ఒత్తిడి చాలు, గోడ కూడా పలచన. ఊపిరితిత్తిలో ఒకచోట గాలి అందకపోతే అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయి. పంట లేని మడికి నీరెందుకని రైతు మడవ కట్టేసినట్టన్నమాట. ఒకటి రెండు మడులైతే తెలివైన పనే. పొలమంతా మడవలు కట్టేస్తే నీరెటు పోవాలి? కాలువలో ఒత్తిడి పెరుగుతుంది. అది సగటున 20 దాటితే ఊపిరితిత్తుల బీపీ అంటారు. చాలామందిలో కొద్దిగానే పెరుగుతుంది. బాగా పెరిగినవాళ్లలో పలచటి కుడి గుండె అలసిపోయి, కాళ్లకు నీరు దిగుతుంది. దీనికి తోడు, ఊపిరితిత్తుల్లోని వాపు గుణం రక్తంలోకి చేరి గుండె రక్తనాళాలకూ చేటు చేస్తుందని నిపుణులు భావిస్తున్నారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది దగ్గు, కళ్లె, ఆయాసం ఒక్కసారిగా ముదిరిన తర్వాతి రోజుల్లో. గుండెజబ్బు గానీ, దాని ముప్పు గానీ ఉన్న 16,000 మందికి పైగా సీఓపీడీ రోగులపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. జబ్బు ముదిరాక తొలి 30 రోజుల్లో గుండెపోటు, పక్షవాతం వంటి వాటి ముప్పు దాదాపు నాలుగు రెట్లయింది. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లకు పది రెట్ల దాకా. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ‘గండం గడిచింది’ అనుకునే నెలే అది. అప్పుడు ఛాతీ బరువెక్కినా, చెమటలు పట్టినా మళ్లీ ఉబ్బసమేనని పంపు పీల్చి ఊరుకోకూడదు.

గుండె మాత్రలు ఆయాసం పెంచుతాయేమోనన్న భయం డాక్టర్లలో కూడా చాలాకాలం ఉండేది. బీటా బ్లాకర్లలో, అంటే గుండె వేగం తగ్గించే మందుల్లో, ముఖ్యంగా గుండె మీదే పనిచేసే మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ వంటివి గుండెకు అవసరమైన సీఓపీడీ రోగులకు చాలావరకు సరిపడతాయని తేలింది. గుండెకు అవసరం లేనివాళ్లకు మాత్రం, సీఓపీడీ కోసమని ఇస్తే మేలు కనబడలేదు. ఆస్తమా సంగతి వేరు కాబట్టి, ఏ జబ్బో నిర్ధారించుకోకుండా పక్కింటాయన చీటీ చూసి మాత్ర మొదలుపెట్టడం గానీ, ఉన్నది మానేయడం గానీ పనికిరాదు.

ఈసారి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈసీజీ, ఎకో అవసరమా అని అడగండి. గుండె డాక్టరు దగ్గరికైతే, ఏళ్లుగా దగ్గూ ఆయాసం ఉంటే, ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష గురించి అడగండి. పొద్దుపోయాక చీలమండ పైన, ఎముక మీద, వేలితో నొక్కితే సొట్ట పడి వెంటనే నిండకపోతే ఆ మాట ఇద్దరికీ చెప్పండి.