వేలికి కుదిరిన ఉంగరం



మా మేనకోడలి నిశ్చితార్థం కోరుట్లలో జరిగింది. మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటింది. పెళ్ళికొడుకు ఉంగరం తొడగబోతే అది వేలి కణుపు దగ్గరే ఆగిపోయింది. అతను కొంచెం నొక్కాడు, పిల్ల పళ్ళు బిగబట్టింది. ఇంతలో మగపెళ్ళివారి పెద్దమ్మ ఒకామె, "ఏందమ్మా, ఉంగరం ఎక్కుతలేదా? మొదట్లనే ఇట్లయితే ఎట్ల?" అనేసింది. మా వదిన ముఖం తెల్లబోయింది. ఎవరో సబ్బు తెచ్చారు. సబ్బు రాసి నెట్టేసరికి వేలు ఇంకా ఉబ్బింది. చివరకు చిటికెన వేలికి తొడిగి ఫోటో తీయించారు.

శకునం మాట అటుంచండి, తప్పు జరిగింది కొలతలో. ఆ కొలత జనవరిలో తీశారు, అదీ చన్నీళ్ళలో గిన్నెలు తోమి వచ్చిన చేతికి, దారం చుట్టి. చలికి రక్తనాళాలు ముడుచుకుని వేలు సన్నబడుతుంది. ఎండకు అవే విచ్చుకుని వేలు ఉబ్బుతుంది. మన జగిత్యాల వైపు మే ఎండలు 45 డిగ్రీలు దాటుతాయని మీకు నేను చెప్పాలా? ఉప్పు ఎక్కువ తిన్నా, పొద్దున నిద్ర లేవగానే అయినా కొందరికి వేళ్ళు ఉబ్బి ఉంటాయి. గర్భిణులకైతే సరేసరి. అందుచేత కొలత ఒక్కసారి తీసి ఊరుకోకండి. సాయంత్రం పూట, ఒళ్ళు మామూలు వేడిలో ఉన్నప్పుడు, వేరువేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూడండి.

దారంతో కొలవడం మన అలవాటు. సిరిసిల్లలో పుట్టినదాన్ని, దారాన్ని తక్కువ చేసి మాట్లాడలేను కానీ, లాగితే దారం సాగుతుంది. దానికంటే సన్నని కాగితం పట్టీ మేలు. అన్నిటికన్నా మేలు కంసాలి దగ్గరుండే కొలత ఉంగరాల గుత్తి. మన నంబర్ల లెక్క తేలికే. 12 నంబరు అంటే లోపలి చుట్టుకొలత ఇంచుమించు 52 మిల్లీమీటర్లు. నంబరు ఒకటి పెరిగితే సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. వెడల్పు పట్టీ ఉన్న ఉంగరమైతే అర నంబరో ఒక నంబరో ఎక్కువ తీసుకోవాలి, ఎందుకంటే అది వేలిని ఎక్కువ మేర పట్టి ఉంచుతుంది. ఏ చేతికి తొడుగుతారో కూడా ముందే అడగండి. పని చేసే చేతి వేలు సాధారణంగా కొంచెం లావు.

జగిత్యాల, కోరుట్ల ఇళ్ళలో పెళ్ళికొడుకు గల్ఫ్‌లో ఉండటం కొత్త కాదు. ఉంగరం అక్కడే కొంటానంటాడు. కొననివ్వండి, కానీ ఫోన్‌లో ఉత్త నంబరు చెప్పకండి. అమెరికా లెక్కలో 6 నంబరు మన 12కు దగ్గర. ఇంగ్లండు లెక్కలో అంకెలే ఉండవు, అక్షరాలుంటాయి. మిల్లీమీటర్లలో చెబితే ఏ దేశంలోనైనా ఒకటే. కాగితం మీద ఉంగరం పెట్టి గీసి, ఫోటో తీసి పంపితే మాత్రం ఫోన్ తెరను బట్టి ఆ గీత పెద్దదో చిన్నదో అవుతుంది.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది? కణుపు దాటేటప్పుడు కొంచెం అడ్డుపడాలి, దాటాక కుదురుగా కూర్చోవాలి, తీసేటప్పుడు కొంచెం లాగాల్సి రావాలి. చేయి కిందికి విదిలిస్తే జారకూడదు. కొందరికి కణుపు లావు, వేలి మొదలు సన్నం. అలాంటివారికి కణుపు దాటే కొలతకే చేయించి, లోపలివైపు రెండు చిన్న బంగారు గుండ్లు అతికిస్తే ఉంగరం తిరగదు. వదులైన ఉంగరానికి దారం చుట్టడం నాలుగు రోజులకే పనికొస్తుంది. ఆ దారంలో సబ్బు, తడి నిలిచి వేలు దురద పెడుతుంది.

సాదా ఉంగరమైతే పెంచడం, తగ్గించడం సులువు. వెనక కోసి, ముక్క వేసో తీసో అతుకుతారు. చుట్టూ రాళ్ళున్నది, మీనా పని ఉన్నది మాత్రం కష్టం, అది ముందే సరైన కొలతకు చేయించుకోవాలి. కోసే ముందు లోపలి హాల్‌మార్క్ గుర్తు పోకుండా చూడమని చెప్పండి. రాయిని పట్టుకునే గోళ్ళు లేచాయేమో చూడటానికి నూలుబట్ట మీద ఉంగరాన్ని మెల్లగా రుద్దండి. పోగు తగులుకుంటే గోరు లేచినట్టే.

ఉంగరాలు ఎక్కువగా జారేది చల్లటి నీళ్ళలోనే. ధర్మపురి గోదావరిలో మునిగేటప్పుడు, వేములవాడ ధర్మగుండంలో, సద్దుల నాడు బతుకమ్మను చెరువులో వదిలేటప్పుడు, ఉంగరం తీసి భద్రంగా దాచి వెళ్ళండి. జొన్నరొట్టె చేసేటప్పుడు కూడా అంతే. సాంచాల దగ్గర పనిచేసే అబ్బాయికి ఉంగరం పెడుతున్నారా? పనిలోకి వెళ్ళేటప్పుడు తీసేయమని గట్టిగా చెప్పండి. ఉంగరం యంత్రానికి తగులుకుంటే వేలే పోతుంది.

ఇక ఇరుక్కుపోతే? లాగకండి. చేయి పైకెత్తి కొంతసేపు ఉంచి, చల్లటి నీళ్ళలో ముంచి, నూనె రాయండి. అప్పటికీ రాకపోతే దారం కొసను ఉంగరం కిందనుంచి అరచేతి వైపుకు దూర్చి, మిగిలిన దారాన్ని ఉంగరం దగ్గర్నుంచి కణుపు దాటేదాకా ఒత్తుగా చుట్టండి. తర్వాత అరచేతి వైపు కొసను వేలి చివర వైపుగా లాగుతూ విప్పితే, చుట్టు వెంట చుట్టు ఊడుతూ ఉంగరం పైకి వస్తుంది. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఇవేవీ చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తి ఉంగరం కోయించాలి. బంగారం మళ్ళీ అతుకుతుంది.

మా మేనకోడలి ఉంగరాన్ని రెండు నంబర్లు పెంచారు. చలికాలంలో వదులైతే లోపల గుండ్లు పెట్టించింది. ఆ పెద్దమ్మగారే ఇప్పుడు తన మనవరాలి నిశ్చితార్థానికి, "మీ దగ్గరి కాగితం పట్టీ పంపుతవా బిడ్డా?" అని ఫోన్ చేసింది.